గుమ్మడికాయ ప్రశ్నకు నాలుగో జవాబు

పిల్లలకు పొదుపు నేర్పడానికి బ్యాంకులు ఆటలు పెట్టవచ్చా, కూడదా అని నన్ను ఎవరూ అడగలేదు. అడగకపోవడం కూడా నేను గుర్తుపెట్టుకునే విషయమే. ఉప్పల్‌లో మా మనవరాలు చదివే బడిలో ఆ ఆట మొదలుపెట్టే ముందు తల్లిదండ్రులను పిలిచి అభిప్రాయాలు అడిగారు. నా కూతురు ఏఎస్ రావు నగర్‌లో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. దానికి సెలవు దొరకదు కాబట్టి నేను వెళ్లాను. నా ముందు కూర్చున్నావిడను అడిగారు. నా వెనక కూర్చున్నాయనను అడిగారు. నా దగ్గరికి వచ్చేసరికి ఆ టీచరమ్మ, "అమ్మమ్మా, మీకు ఫోన్ వాడుడు వస్తదా?" అంది. అది అభిప్రాయం అడగడం కాదు.

నేను నాచారం పారిశ్రామికవాడలో ఒక బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగ్ సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యాను. విరిగిన బిస్కెట్టు, సరిగా అతకని కవరు, ఒక పక్కకు జరిగిన లేబులు నా కళ్లు దాటి లారీ ఎక్కినవి చాలా తక్కువ. ఆ ఉద్యోగమే నన్ను ఇలా తయారుచేసిందని ఇంట్లో అంటారు. తప్పు. నేను ఇలా ఉన్నందుకే ఆ ఉద్యోగం ఇచ్చారు.

ఆట పెట్టిన బ్యాంకు నాకు కొత్తది కాదు. నా పింఛను అందులోనే పడుతుంది. ఏటా ఒకసారి వెళ్లి, బతికే ఉన్నానని మెషిన్ మీద వేలు పెట్టి నిరూపించుకోవాలి. అన్నేళ్లు అట్టపెట్టెలు మడిచిన వేళ్లమీద గీతలు ఏం మిగులుతాయి? మొదటి ఏడాదే మెషిన్ ఎర్రలైటు వెలిగించింది. కౌంటరులో కూర్చున్న కుర్ర ఆఫీసరు, విజయవాడ వైపువాడు, పళ్లు ఇకిలించి, "మీరు మీరు కాదంటోందండీ మామ్మగారూ" అన్నాడు. వెనక లైను మొత్తం నవ్వింది. చివరికి కన్ను చూపిస్తే మెషిన్ ఒప్పుకుంది. ఆ కుర్రవాడు మాత్రం 'పొరపాటైంది' అనలేదు. మామ్మగారు అన్న మాట కూడా వెనక్కి తీసుకోలేదు. అప్పటికి నేను జుట్టుకు రంగు వేసుకుని వారం కూడా కాలేదు.

మా మనవరాలి బడికి బ్యానరు, చాక్లెట్ల డబ్బా పట్టుకుని వచ్చింది ఆ కుర్రవాడే.

ఆటలో ఒక పిచ్చుక ఉంటుంది. భుజాన సంచి వేసుకుని ఒక చిన్న ఊరి బజారులో తిరుగుతుంది. దారిలో ఐస్‌క్రీం బండి, బొమ్మల దుకాణం వస్తాయి. అడుగడుగునా ఒక ప్రశ్న. సరిగ్గా జవాబు చెబితే గింజలు రాలతాయి, "శభాష్, తెలివైన పొదుపరీ!" అని వినిపిస్తుంది. తప్పు చెబితే పిచ్చుక కళ్లనుంచి నీలం చుక్కలు కారతాయి. నా కూతురు తన ఫోన్ ముట్టనివ్వదు కాబట్టి పిచ్చుక నా ఫోన్‌లో కాపురం పెట్టింది. పొద్దున్నే ప్రార్థన ముగించి కళ్లు తెరిస్తే ఎదురుగా సందేశం: "నిన్న మీరు రాలేదు. మీ పిచ్చుక బెంగపెట్టుకుంది." నేను నేను కాదని లైనులో నిలబెట్టి చెప్పినవాళ్లకు, నేను రాకపోతే బెంగ!

ఆటను తప్పుపట్టాలంటే ముందు ఆడి చూడాలి కదా. మనవరాలు బడికి వెళ్లాక నేనే పిచ్చుకను నడిపించాను. ఆధారాల కోసమే. ఆడుతూ ఆడుతూ పదో తరగతి పిల్లలు చేరే మెట్టు దాకా చేరితే అది నా తప్పు కాదు. ఆ బజారులో టమాట ధర ఏడాది పొడుగునా ఒక్కటే. చక్కెర తక్కువైందని పక్కింటివాళ్లు గిన్నె పట్టుకుని రారు. ఎవరూ పెళ్లికి పిలవరు. పిచ్చుకకు తమ్ముడు లేడు, ఆడబిడ్డ లేదు. చుట్టాలు లేని ఊళ్లో పొదుపు చేయడానికి తెలివి ఎందుకు?

అసలు సంగతి నాకు మొదటి రోజే అర్థమైంది. గాలం వేసేవాడు చేపకు ఈత నేర్పుతున్నానని చెప్పుకోడు. బ్యాంకు చెప్పుకుంటుంది. బడిపిల్లకు పిచ్చుక అలవాటైతే, రేపు జీతం తెచ్చుకునే వయసులో ఆ పిచ్చుక బొమ్మ ఉన్న తలుపే తడుతుంది. ఈ మాట నా కూతురితో అంటే, "నీకు మంచిది ఏదన్న మంచిగ కనిపిస్తదా అమ్మా? పిల్ల స్టిక్కర్లు కొనుడు మానేసింది. నాకది చాలు" అంది. అది నిజమే. స్టిక్కర్లు మానేసింది, దుకాణంలో ప్యాకెట్టు మీద ధర చదవడం మొదలుపెట్టింది. ఫోన్‌కు వచ్చే నంబర్లు ఎవరికీ చెప్పకూడదని కూడా నేర్చుకుంది. ఆ చివరిదాని గురించి ఒక మాట చెప్పాలి.

మా ఇంటికి గ్యాసు సిలిండరు వచ్చినప్పుడు ఫోన్‌కు వచ్చిన నంబరు ఆ తెచ్చినతనికి చెప్పాలి, అప్పుడే దింపుతాడు. నేను కళ్లజోడు పెట్టుకుని నంబరు చదవబోతుంటే మనవరాలు లోపలినుంచి ఉరికొచ్చి ఫోన్ లాక్కుంది.

"జెప్పకు అమ్మమ్మా! పిచ్చుక జెప్పొద్దన్నది!"

"ఏ పిచ్చుక?" అన్నాడు సిలిండరతను, భుజాన బరువుతో.

"నంబరు అడిగేటోడు దొంగ అన్నది."

"నేను దొంగనా? సిలిండర్ మోసుకొచ్చి ఇచ్చే దొంగ యాడన్న ఉంటడా పాపా?"

పిల్ల ఫోన్ పట్టుకుని బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. అతను కాసేపు నిలబడి, "పిచ్చుకనడిగి ఫోన్ జేయుండ్రి" అని సిలిండరుతో వెళ్లిపోయాడు. మళ్లీ సిలిండరు వచ్చేదాకా మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. హోటలు ఇడ్లీలు తింటున్నప్పుడు ప్రతి ముక్కకూ నేను ఆ బ్యాంకును తలచుకున్నాను.

అయినా ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నానంటే, ఈలోగా ఆటకు పోటీ పెట్టారు. చుట్టుపక్కల బడుల్లో బాగా ఆడిన పిల్లలకు నాచారం బ్రాంచిలో ఆఖరి పోటీ. గెలిచిన పిల్ల ఒక గంటసేపు మేనేజరు కుర్చీలో కూర్చోవచ్చు. మా మనవరాలికి ఆ కుర్చీ మీద మనసుపడింది. అంతకుముందు నాతో బ్యాంకుకు వచ్చినప్పుడు అది అద్దంలోంచి చూసింది. మేనేజరు బల్లమీద ఉన్న బెల్లు కొడతాడు, ఎక్కడినుంచో ఒక మనిషి వస్తాడు. పిల్లకు అది మాయలా ఉంది. ఆ రోజునుంచీ ఇంట్లో స్టీలు గ్లాసును చెంచాతో కొట్టి వాళ్లమ్మను పిలిచేది. వాళ్లమ్మ రాదు. "ఉత్తుత్తి బెల్లుకు ఎవ్వరు రారు అమ్మమ్మా. అసలుది కావాలె" అనేది. ఆ గంట కోసం సెలవురోజు కూడా కూర్చుని ఆడింది. పిల్ల గెలవాలని నేనూ కోరుకున్నాను. దానికి బెల్లు కావాలి. నాకు, ఆ కుర్ర ఆఫీసరు బెల్లు విని పరుగెత్తుకుని రావడం చూడాలి.

ఆఖరి పోటీనాడు బ్రాంచి హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. గోడమీద పెద్ద తెర. పిల్లల చేతుల్లో తలా ఒక పలకంత ఫోన్. మైకు ఆ కుర్రవాడి చేతిలో. మేనేజరు కరీంనగర్ వైపు మనిషి, కొత్తగా బదిలీ అయి వచ్చాడు. పక్కన నిలబడి అన్నిటికీ తల ఊపుతున్నాడు. మా మనవరాలు మొదటినుంచీ ముందుంది. వడ్డీ ప్రశ్న, బీమా ప్రశ్న, దొంగ ఫోన్ల ప్రశ్న అన్నీ నొక్కేసింది. ఆఖరి ప్రశ్నకు దాని వెనక ఒక్కడే మిగిలాడు, తార్నాక బడినుంచి వచ్చిన అబ్బాయి.

తెరమీద ప్రశ్న వచ్చింది. "వేలంపాటలో ఒక గుమ్మడికాయ ధర బజారు ధరకు పదింతలు అయింది. తెలివైన పొదుపరి ఏం చేస్తాడు?" కింద నాలుగు జవాబులు. పాట ఆపేస్తాడు. బజారుకు వెళ్లి కొంటాడు. పెద్దలను అడుగుతాడు. ఇంకా పెంచుతాడు.

మా పిల్ల ఆలోచించనైనా లేదు. నాలుగోది నొక్కి, వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వింది.

పిచ్చుక భోరుమంది. గోడంత పిచ్చుక, బిందెలంత నీలం చుక్కలు. తార్నాక అబ్బాయి బజారుకు వెళ్లి గెలిచాడు. కుర్ర ఆఫీసరు మైకులో, "చిట్టితల్లీ, నీ చేతిలో పెడితే బ్యాంకు మునిగిపోద్దమ్మా!" అన్నాడు. హాలంతా నవ్వింది. మా పిల్ల ఏడవలేదు. "ఎందుకు తప్పు?" అని అడిగింది.

"ముప్పై రూపాయల గుమ్మడికాయకి మూడొందలు ఎవరైనా పెడతారా చెప్పు?"

"మా అమ్మమ్మ పెడ్తది."

హాలు మొత్తం తిరిగి నన్ను చూసింది. చూసి మళ్లీ నవ్వింది. ఎవరెవరు నవ్వారో ఇప్పుడు అడిగినా వరుసగా చెప్పగలను.

పిల్ల చెప్పింది నిజం. నేను పెడతాను. మా చర్చి సంఘంలో అందరూ పెడతారు. ఏటా కోత పండుగనాడు ఆరాధన అయ్యాక, పంటలో దేవుని భాగంగా తెచ్చినవాటిని వేలం వేస్తారు. మా సంఘంలో ఇప్పుడు పొలం ఉన్నవాళ్లు ఎవరూ లేరు. అందరం ఫ్యాక్టరీల్లో, దుకాణాల్లో, ఆసుపత్రుల్లో చేసేవాళ్లమే. మా పెద్దలు జనగామ, నల్లగొండ పల్లెలనుంచి వచ్చేటప్పుడు పండుగను తెచ్చుకున్నారు గాని పొలాలను తేలేరు. కాబట్టి శనివారం సాయంత్రం ఉప్పల్ కూరగాయల మార్కెట్టులో కోత కోసుకొస్తాం. ఆదివారం వాటినే మళ్లీ పాటలో కొనుక్కుంటాం. గుమ్మడికాయ పాట అన్నిటికంటే పెద్దది. ఒకరు పాడి కొంటారు, కొని, "మళ్లీ పెట్టుండ్రి" అని తిరిగి ఇచ్చేస్తారు. ఇంకొకరు కొంటారు, వాళ్లూ ఇచ్చేస్తారు. ధర పెంచినకొద్దీ చప్పట్లు. పెంచలేనివాడు తప్పుకుంటాడు, సిగ్గేమీ లేదు. పెంచగలిగి పెంచనివాడు మాత్రం ఏడాదంతా వింటాడు. ఆఖరున కొన్నవాళ్లు కాయను వంటవాళ్లకు అప్పజెబుతారు, అది ఆ మధ్యాహ్నం సంఘమంతా కలిసి తినే ప్రేమ విందులో బగార అన్నం పక్కన పులుసు అవుతుంది. మా మనవరాలు పుట్టినప్పటినుంచీ చూసిన వేలంపాట అదొక్కటే. దానికి ఇంకే జవాబు వస్తుంది?

నేను లేచి ఇదంతా అక్కడే చెప్పాను. మేనేజరు ఓపికగానే విన్నాడు. అందరూ సమోసాలకు లేచాక విన్నాడు, అది వేరే సంగతి.

"అది చర్చి ముచ్చటమ్మా. ఇది బజారు ముచ్చట."

"ప్రశ్నల బజారు పాట అని యాడున్నది సార్? వేలంపాట అనే ఉన్నది."

"గేమ్ హెడ్డాఫీసోళ్లు జేసిన్రు. మా చేతుల లేదు."

"నవ్వుడు కూడ హెడ్డాఫీసోళ్లు జెప్పిన్రా?"

తార్నాక అబ్బాయి అప్పటికే అద్దాల గదిలో కుర్చీ ఎక్కి గిర్రున తిరుగుతున్నాడు. బెల్లు మోగింది. మా పిల్ల అద్దానికి ముక్కు ఆనించి చూసింది. ఇంటికి వస్తూ ఆటోలో ఒకే మాట అడిగింది. "అమ్మమ్మా, నాది తప్పా?" తప్పు కాదన్నాను. "మరి తప్పని ఎందుకన్నరు?" మెట్రో స్తంభాల కిందికి వచ్చాక, "అననియ్యి. నేనున్న గద" అన్నాను.

ఉన్నాను. ఆ సాయంత్రమే ఫిర్యాదుల నంబరుకు ఫోన్ చేశాను. మా మనవరాలి జవాబును సరైనదిగా ఒప్పుకోవాలి, దాని గంట దానికి ఇవ్వాలి అన్నాను. అవతలి అమ్మాయి, "మీ కార్డు పోయిందా మేడం?" అంది. పోలేదన్నాను. "డబ్బులు కట్ అయ్యాయా?" కాలేదన్నాను. గుమ్మడికాయ అన్నాను. చాలాసేపు పాట వినిపించారు. రెండు రోజులకు సందేశం వచ్చింది: మీ సమస్య పరిష్కరించబడినది. నేను మళ్లీ తెరిపించాను. మళ్లీ పరిష్కరించబడినది. మళ్లీ తెరిపించాను. ఫిర్యాదును మూసేసిన ప్రతిసారీ, సంతృప్తిగా ఉన్నారా అని అడుగుతారు. లేనని చెబితే అది లేచి మళ్లీ బ్రాంచి నెత్తిన కూర్చుంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఇంత మంచి ఏర్పాటు ఉందని ముందే తెలిసి ఉంటే వేలిముద్ర సంగతి అప్పుడే చూసుకునేదాన్ని.

ఒక రోజు మేనేజరే ఫోన్ చేశాడు. గొంతు దిగి ఉంది.

"అమ్మా, నమస్తే. మీ కంప్లైంటు మా బ్రాంచిమీద ఎర్రగ కనిపిస్తున్నదమ్మా. పైనోళ్లు రోజు అడుగుతున్రు. జర సంతృప్తి అని నొక్కరాదుండ్రి."

"సంతృప్తి ఉంటే నొక్కనా సార్?"

"ఏం జేస్తే అయితదమ్మా?"

"వచ్చే ఆదివారం మా కోత పండుగ. వచ్చి పాట సూడుండ్రి. సూసినంక కూడ పిల్లది తప్పంటరా, అప్పుడు మాట్లాడుదాం."

అతను వచ్చాడు. ఇస్త్రీ చొక్కాతో, కుర్ర ఆఫీసరును వెంటేసుకుని వచ్చాడు. మావాళ్లు వందనాలు చెప్పి ముందు వరుసలో కుర్చీలు వేశారు. నేను ఏటా కాయ తెచ్చినా నాకు ఎన్నడూ ముందు వరుస వేయలేదు, అది మా సంఘంతో నాకున్న విడి సంగతి. మా మనవరాలు వాళ్ల వెనకే నిలబడింది, పాట అర్థం కాకపోతే చెబుతానని.

పాట పాడించేది మా సంఘ పెద్ద, రిటైరైన బస్సు కండక్టరు. గొంతు ఇంకా బస్సులోనే ఉంది. "చూసుకోండ్రి! బ్యాంకు సారు వచ్చిండు. ఇగ మనకు పైసల ఫికర్ లేదు!" అని మొదలుపెట్టాడు. కోడిగుడ్లు పోయాయి, చెరకు పోయింది, నాటుకోడి ఒకసారి తప్పించుకుని బల్లలకిందినుంచి మళ్లీ పాటకు వచ్చింది. తర్వాత గుమ్మడికాయ. దర్జీ పనాయన కొని తిరిగి ఇచ్చాడు. దవాఖానాలో ఆయాగా చేసే ఆవిడ కొని తిరిగి ఇచ్చింది. మేనేజరు కుర్చీ అంచుకు జరిగాడు. మూడోసారి పెట్టినప్పుడు సంఘ పెద్ద అతనివైపు తిరిగాడు.

"ఏంది సారూ, సూసుడేనా? అందరి పైసలు మీ దగ్గరనే ఉంటయంటరు గద!"

జనం గొల్లుమన్నారు. మేనేజరు నవ్వుతూ ఒక మాట పాడాడు. నేను పెంచాను. అతను పెంచాడు. బ్యాంకుకు అగ్గువకు పోనిస్తానా? మళ్లీ పెంచాను. అతని చెవులు ఎర్రబడ్డాయి. కుర్ర ఆఫీసరు చొక్కా పట్టుకుని లాగుతూ, "సార్, వద్దు సార్, బయట నలభైకి దొరుకుద్ది" అన్నాడు. మేనేజరు చెయ్యి విదిలించి, "నువ్వుండవయ్యా, ఆమె పాడుతుంటే నేను ఊకుంటనా?" అని ఇంకా పెంచాడు. అక్కడ నేను ఆగాను. ఎక్కడ ఆగాలో నాకు తెలుసు.

"ఒకటోసారి... రెండోసారి... బ్యాంకు సారుకు మూడోసారి!" చప్పట్లు. పిల్లలు ఈలలు. మేనేజరు ముఖం మా పిల్ల ముఖంలా వెలిగింది. కాయను రెండు చేతులా ఎత్తుకున్నాడు. అందరం చూస్తున్నాం, మళ్లీ పెట్టుండ్రి అంటాడని. అతను డబ్బు కట్టి, అందరికీ నమస్కారం పెట్టి, కాయను చంకకెత్తుకుని, బయటికి నడిచి, కారులో ముందు సీటులో పెట్టి, సీటుబెల్టు కూడా బిగించి, వెళ్లిపోయాడు.

సంఘ పెద్ద నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉన్నాడు. పాస్టరయ్యగారు గబగబా ముగింపు ప్రార్థన మొదలుపెట్టారు. వంటింట్లోంచి ఒకావిడ గరిటెతో బయటికొచ్చి, "కాయేది?" అంది. ఆ ఏడాది ప్రేమ విందులో బగార అన్నం పక్కన పులుసు లేదు. పచ్చిపులుసు చేశారు. గుమ్మడికాయ ఉన్నా అందులో ముక్క నా పళ్లెంలో ఏనాడూ సరిగ్గా పడదు, అయినా ఆ రోజు లేకపోవడం మాత్రం అందరికీ నావల్లే అయింది. "నువ్వు పిలిచినోడే గద అక్కా!" అని దర్జీ ఆయన అన్నాడు. రాసిపెట్టుకున్నాను, మనసులో.

మర్నాడు మేనేజరు ఫోన్. గొంతులో పండుగ.

"అమ్మా, మస్తు మంచిగుండెనమ్మా మీ పండుగ! కాయ కూడ మంచిది. మా ఇంట్ల పులుసు పెట్టిన్రు. మా అత్తగారు రెండుసార్లు ఏసుకున్నది."

"తిన్నరా సార్?"

"తిన్నం గద. ఎందుకమ్మా?"

చెప్పాను.

"అంటే ఇచ్చేయాల్నా? మరి ఒక్కరన్న జెప్పలేదేందమ్మా?"

"మీ గేమ్‌ల లేకపాయె సార్."

అతను నెమ్మదిగా, "పాప జవాబు తప్పు గాదమ్మా. బజారుకు పోవాల్నని నాకెవ్వరు జెప్పలేదా? మా పిల్లగాడు చొక్కా గుంజి మరీ జెప్పిండు. నేనే పెంచిన గద" అన్నాడు. ఆటను మార్చే అధికారం తనకు లేదని, కుర్చీ మాత్రం తనదేనని, శనివారం జనం పలచబడ్డాక పాపను తీసుకురమ్మని చెప్పాడు. "మీరు ఆ సంతృప్తి నొక్కుండ్రి" అన్నాడు. "కూసున్నంక" అన్నాను.

మా మనవరాలు ఆ శనివారం క్రిస్మస్ గౌను వేసుకుంది. మేనేజరు తనే కుర్చీ వెనక్కి లాగి, "రాండ్రి మేడం" అన్నాడు. పిల్ల ఎక్కింది. కాళ్లు నేలకు అందలేదు. బెల్లు వంక చూసింది, నా వంక చూసింది, ఒక వేలితో నొక్కింది. మోగింది. కుర్ర ఆఫీసరు తలుపు తీసుకుని లోపలికి వచ్చి, "చెప్పండి మేడం" అన్నాడు. ఆ క్షణంలో పిల్ల ఎంత సంతోషించిందో నాకు తెలియదు. నేను అతన్నే చూస్తున్నాను.

"నాలుగో జవాబు కరెక్టు అని పెట్టుండ్రి" అంది మా మనవరాలు.

"అది నేను పెట్టలేను మేడం. హెడ్డాఫీసు వాళ్లు పెట్టాలి."

పిల్ల మేనేజరువైపు తిరిగింది. "సార్, మీరు పెట్టుండ్రి."

"నాతోని కూడ కాదు బిడ్డా."

"మరి ఈ కుర్చీల కూసుంటే ఏం జేయొస్తది?"

మేనేజరు నిజంగానే ఆలోచించాడు. "పైనోళ్లకు రాయొస్తది."

"రాస్తే?"

"చూస్తం అంటరు."

"చూస్తరా?"

"అంటరు."

పిల్ల అతనిచేత రాయించింది. కంప్యూటరు ముందు అతను వంగి నిలబడి కొట్టాడు, అది కుర్చీలోంచి చెప్పింది. వేలంపాటలన్నీ ఒక్కలాంటివి కావని, కొన్ని పాటల్లో కొనేది కాయ కోసం కాదని, ఇది మేనేజరు సారు కూడా స్వయంగా చేసి చూశాడని రాయమంది. అతను ఆ చివరి ముక్క దగ్గర కాస్త ఆగాడు. "అది గావాల్నా బిడ్డా?" "గావాలె." రాశాడు. పంపించాడు. ఆ తర్వాత పిల్ల ఇంకో రెండుసార్లు బెల్లు కొట్టి మంచినీళ్లు తెప్పించుకుంది, కుర్చీలో ఇటు తిరిగింది, అటు తిరిగింది, కిందికి దూకింది.

"అమ్మమ్మా, ఇంటికి పోదాం. గిక్కడ ఏం జేయొస్తలేదు."

"కూసో. గంట అన్నరు. ఇంకా ఉన్నది."

"నాకొద్దు."

"నీకొద్దంటే ఎట్ల? అది మనది. కూసో."

కూర్చోబెట్టాను. పిల్ల బల్లమీద గడ్డం ఆనించుకుంది. మేనేజరు కాగితాలు చేతుల్లో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి, "మేడం, ఒక్క సంతకం జేసుకుంట" అన్నాడు. "చేసుకుండ్రి సార్, పెన్ను గీడనే ఉన్నది" అని పిల్ల జరగబోయింది. నేను జరగనివ్వలేదు. అతను గోడకు ఆనించి సంతకం చేశాడు.

అప్పుడే నా ఫోన్ మోగింది. ఫిర్యాదుల వాళ్ల సందేశం. పరిష్కారంతో మీరు సంతృప్తిగా ఉన్నారా? అవునా, కాదా? కళ్లజోడు సంచిలో ఉంది. నేను వెతుక్కుంటుంటే పిల్ల బల్లమీదుగా చెయ్యి చాచి ఫోన్ తీసుకుంది, చదివింది, 'అవును' నొక్కింది.

"ఏం జేసినవే!"

"నాకు సంతృప్తే గద అమ్మమ్మా. సారు నాది తప్పు గాదన్నడు. బెల్లు గూడ కొట్టిన. ఇంటికి పోదాం, ఆకలైతున్నది."

"నీకయింది. నాకు కాలేదు."

గుమ్మం దగ్గర మేనేజరు కళ్లు మూసుకుని ఊపిరి వదిలాడు. కుర్ర ఆఫీసరు పిల్లకు షేక్‌హ్యాండ్ ఇచ్చి, నావైపు తిరిగి, "వెళ్లొస్తారా మామ్మగారూ" అన్నాడు.

పిల్లలకు ఆటలతో పొదుపు నేర్పవచ్చా అంటే, నేర్పనివ్వండి. కొన్ని మంచి సంగతులు నేర్పారు, నేను కాదనను. హెడ్డాఫీసువాళ్లు ఆ ఉత్తరం చూస్తున్నామని జవాబిచ్చారు. గుమ్మడికాయ ప్రశ్న అలాగే ఉంది. మా మనవరాలు ఇప్పుడు పిచ్చుకను వదిలేసి బొమ్మలు గీయడంలో పడింది. నేను మాత్రం, ఫిర్యాదు చేసిన మనిషి ఒప్పుకోకుండానే, మైనరు చేత ఫిర్యాదును మూయించారని కొత్త ఫిర్యాదు ఇచ్చాను. అది ఇప్పటికి రెండుసార్లు పరిష్కరించబడినది.